సామి పోయినాక నీళ్లెవరివి?

2011 ఏప్రిల్ 24న పుట్టపర్తిలో సత్యసాయిబాబా చనిపోయాడు. ఈ వాక్యాన్ని ఇట్లా సాదాగా రాయడానికి ఆనాడు మన పత్రికల్లో చాలావాటికి చెయ్యి రాలేదు. నిర్యాణమన్నారు, శివైక్యమన్నారు, మహాసమాధి అన్నారు. ఇది కొత్తేమీ కాదు. తెలుగులో చావుకి కూడా కులముంది. స్వాములు పరమపదిస్తారు, పెద్దలు కీర్తిశేషులవుతారు, మాలమాదిగలు 'మృతి' చెందుతారు, అదీ అంకెల్లో. కారంచేడు ఆరు, చుండూరు ఎనిమిది. కాబట్టి ఒక మతగురువు చావు మీద సమాజం ఎట్లా స్పందించిందో తెలుసుకోవాలంటే, ఏ క్రియాపదం ఎవరికి వాడుతున్నామో చూసుకుంటే సగం పని అయిపోతుంది.

మిగతా సగం రాజ్యమే చేసి చూపించింది. రాష్ట్ర ప్రభుత్వం సంతాప దినాలు ప్రకటించింది. ప్రధాని మన్మోహన్‌సింగ్, సోనియాగాంధీ వచ్చారు. అప్పటి గుజరాత్ ముఖ్యమంత్రి నరేంద్ర మోదీ వచ్చాడు. బయట ఒకరి ముఖం ఒకరు చూసుకోని పార్టీలన్నీ ఆ హాలులో చేతులు కట్టుకున్నాయి. సచిన్ టెండూల్కర్ పుట్టినరోజు కూడా ఏప్రిల్ 24నే. వేడుకలు మానుకుని వచ్చి కన్నీళ్లు పెట్టుకున్నాడు. అది ఒక భక్తుడి దుఃఖం, దానితో మనకు పేచీ లేదు. పేచీ జెండాతో. ఏప్రిల్ 27న సాయికుల్వంత్ హాలులో, జాతీయ జెండా కప్పిన శరీరానికి అధికార లాంఛనాలు జరిపి సమాధి చేశారు. తానే దేవుణ్ణని చెప్పుకున్న మనిషికి లౌకిక రాజ్యం జెండా కప్పితే, ఏ హోదాలో కప్పినట్టు? పాలకుడిగానా, భక్తుడిగానా? మతంలో భక్తి మోక్షానికి దారి కావచ్చునేమో గానీ రాజకీయాల్లో భక్తి పతనానికీ నియంతృత్వానికీ దారి తీస్తుందని 1949 నవంబర్ 25న రాజ్యాంగసభలో అంబేద్కర్ హెచ్చరించాడు. పుట్టపర్తిలో ఆ రెండు రకాల భక్తికీ మధ్య గీత వెతికినా కనిపించలేదు.

సమాధి అంటే నాకు చుండూరు గుర్తొస్తుంది. 1991 ఆగస్టు 6న చంపి, గోనెసంచుల్లో కుక్కి కాలువలో పడేసిన మనుషుల్ని ఊళ్లోనే పూడ్చుకుని, ఆ చోటికి రక్తక్షేత్రమని పేరు పెట్టుకోవడానికి ఒక ఉద్యమమే కావాల్సి వచ్చింది. అదే ఏడాది నవంబర్ 22న ప్రధాని పి.వి. నరసింహారావు పుట్టపర్తి సూపర్‌స్పెషాలిటీ ఆసుపత్రిని ప్రారంభించాడు. చుండూరు కేసులో ప్రత్యేక కోర్టు 2007లో వేసిన శిక్షల్ని 2014 ఏప్రిల్ 22న హైకోర్టు కొట్టేసింది. ఈ చావుల్నీ ఆ చావునీ పోల్చకూడదని ఎవరైనా అనొచ్చు. పోల్చదగ్గవి కాకుండా చేసిందెవరన్నదే నా ప్రశ్న.

ఇక రెండో పక్క హేతువాదులు. వాళ్ల శ్రమను తక్కువ చెయ్యను. అబ్రహాం కోవూర్, ప్రేమానంద్ లాంటివాళ్లు సభలు పెట్టి విభూది గుట్టు విప్పారు. 1976లో బెంగళూరు విశ్వవిద్యాలయం వైస్ ఛాన్సలర్ హెచ్. నరసింహయ్య మహిమల పరిశీలనకు కమిటీ వేస్తే పుట్టపర్తి తలుపు తెరవలేదు. కానీ 2011లో ఆ పక్క నుంచి వినిపించినదాంట్లో ఎక్కువ భాగం వెక్కిరింతే. 96 ఏళ్లు బతుకుతానన్నవాడు 84కే పోయాడేమని వీళ్లు, చాంద్రమానం లెక్కలో సరిపోయిందని భక్తులు. దేవుడా గారడీవాడా అన్నదొక్కటే ప్రశ్నయితే, జవాబు ఎటు తేలినా వాడలో పొయ్యి మీద ఎసరు మారదు. బూడిద ఏ వేళ్ల సందునుంచి రాలిందో వెతికినంత శ్రద్ధగా, ఆ చేతి చుట్టూ బంగారమూ మంత్రులూ న్యాయమూర్తులూ ఎట్లా చేరారో వెతకలేదు. పైగా ఏడ్చే జనాన్ని చూసి నవ్వారు. ఆ జనంలో మనవాళ్లున్నారు.

మాది అనంతపురం జిల్లాలో ఒక మెట్ట ఊరు. అప్పుడు నేను డిగ్రీ చదువుతున్నా. టీవీలో వార్త రాగానే మాయమ్మ అన్న మాట ఇది: "సామి పాయె. ఇంక నీల్లు ఇడుస్తారో లేదో!" ఆమె పుట్టపర్తి ఎప్పుడూ పోలేదు. ఇంట్లో బాబా పటం లేదు. ఆమెది భక్తి కాదు, భయం. మా వాడ ఆడవాళ్లు ఒకప్పుడు ఊరి బావి కాడ, ఊరివాళ్లు ఎవరైనా చేది పోసేదాకా బిందెలు పెట్టుకుని కాసుకున్నవాళ్లు. సత్యసాయి పైపు వచ్చినాక వాడ మొగదల ఒక కుళాయి పడింది. తిప్పితే నీళ్లు. ఎవర్నీ అడుక్కునే పని లేదు. దీన్ని మూఢనమ్మకం అనేవాడికి కడవ బరువు తెలియదు.

1990ల నడుమ వచ్చిన ఆ పథకం గారడీ కాదు. ఏడు వందలకు పైగా గ్రామాలు, ఫ్లోరైడు నీళ్ల జిల్లా, ట్రస్టు డబ్బుతో ఎల్ అండ్ టీ వేసిన పైపులు. ఆసుపత్రిలో గుండె ఆపరేషనుకి రూపాయి అడగలేదు. ఇది ఒప్పుకోకుండా విమర్శ చేస్తే జిల్లాలో మన మాట ఎవరూ వినరు, వినాల్సిన పని కూడా లేదు.

కానీ అసలు సంగతి మాయమ్మ భయంలోనే ఉంది. హక్కయితే ఇచ్చినవాడు చచ్చినంత మాత్రాన పోదు. దయ అయితే పోతుందేమోనని గుండె కొట్టుకుంటుంది. 1927 మార్చి 20న మహాడ్‌లో అంబేద్కర్ చవదారు చెరువు నీళ్లు తాగింది దప్పికై కాదు, అందరిదీ అయిన చెరువు మీద మాకూ హక్కుందని చెప్పడానికి. ఆ తర్వాత దాదాపు డెబ్బై ఏళ్లకు, స్వతంత్రం వచ్చిన రాజ్యం కరువు జిల్లాకు తాగునీళ్లివ్వలేక, ఒక ట్రస్టు చేత ఇప్పించుకుని చేతులు జోడించింది. ఆ చేతులే 2011లో జెండా కప్పాయి. పథకం ప్రభుత్వం చేతికొచ్చినా సత్యసాయి పేరుతోనే నడుస్తోంది. పంపులు నడిపే ఒప్పంద కార్మికులు జీతాల బకాయిల కోసం ఎన్నోసార్లు సమ్మెకు దిగారు. దాత పేరు పైపు మీద, బాకీ కార్మికుడి ఇంట్లో. ఈ సమ్మెలు జిల్లా పేజీ దాటి రావు.

మనలోనే ఇంకో వాదన ఉంది. బాబా బ్రాహ్మణుడు కాదు, పెద్ద చదువు లేదు, అయినా బ్రాహ్మణ పండితులూ పెద్ద పెద్ద అధికారులూ ఆయన కాళ్లకు మొక్కారు, ఇది బహుజన విజయం కాదా అని. వినడానికి బాగుంటుంది గానీ నిలవదు. 1963లో ఆయన తాను శివశక్తుల అవతారమనీ భరద్వాజ గోత్రమనీ ప్రకటించుకున్నాడు. 2006లో అతిరుద్ర మహాయజ్ఞం జరిపించాడు. పీఠం మీద మనిషి మారాడు, పీఠం మారలేదు. అదే రాయలసీమలో, కందిమల్లాయపల్లెలో సమాధి అయిన వీరబ్రహ్మం కథలో దూదేకుల సిద్దయ్యా మాదిగ కక్కయ్యా శిష్యులు. మనవాళ్లు ఆ కథ ఇంకా చెప్పుకునేది విభూది కోసం కాదు.

సంతాప సందేశాల్లోకి రాని సంగతులున్నాయి. 1993 జూన్ 6 రాత్రి ప్రశాంతి నిలయంలో ఆరుగురు చచ్చారు: బాబా సేవకులు ఇద్దరు, పోలీసు కాల్పుల్లో నలుగురు. ఆ నలుగుర్ని ప్రాణాలతో ఎందుకు పట్టుకోలేదన్న ప్రశ్న బాబాతో పాటే సమాధి అయింది. లైంగిక ఆరోపణల మీద 2004లో బీబీసీ చిత్రం తీసింది. కోర్టు విచారణ జరగలేదు కాబట్టి అవి నిజమని మనం అనలేం. అబద్ధమని మాత్రం 2001లోనే ప్రధాని వాజపేయి, మరికొందరు పెద్దలు లేఖ మీద సంతకాలు పెట్టేశారు. విచారణ లేకుండా తీర్పు ఇచ్చే వెసులుబాటు ఎవరికుంటుందో ఇక్కడ చూడొచ్చు. 2011 జూన్‌లో యజుర్‌మందిరం తలుపులు తీస్తే 98 కిలోల బంగారం, 307 కిలోల వెండి, 11 కోట్ల 56 లక్షల నగదు తేలాయి. ఏప్రిల్‌లో కన్నీళ్లు అచ్చేసిన పత్రికలే జూన్‌లో కిలోలు అచ్చేశాయి.

2022 ఏప్రిల్ 4న పుట్టపర్తి కేంద్రంగా శ్రీ సత్యసాయి జిల్లా ఏర్పడింది. 2025 నవంబర్ 19న శతజయంతి సభలో ప్రధాని మోదీ బాబా స్మారకంగా వంద రూపాయల నాణెం విడుదల చేశాడు. ఉన్నది ఒకే కులం, అది మానవకులమన్న బాబా మాటను ఆ వేదిక మీద ఐశ్వర్యారాయ్ గుర్తుచేసింది. ఈ మాట వేదిక మీద నుంచి చెప్పడం తేలిక. ఊరి ట్యాంకు నుంచి వాడ దాకా పైపు ఎన్నాళ్లకు నడిచిందో చెప్పడం కష్టం, ఎందుకంటే దాన్ని ఎవరూ కొలవలేదు.

ఆ రెండు జిల్లాల విద్యార్థులు చెయ్యాల్సిన పని ఇదే. ఆ నాలుగు రోజులు దర్శనానికి వచ్చిన జనం పారేసిన ఆకులూ ప్యాకెట్లూ ఎత్తిందెవరు? వాళ్లకు కూలి ఎవరిచ్చారు? కుళాయి ఏ వాడకు ఏ సంవత్సరం వచ్చింది, ఏ వాడకు రాలేదు? ఆ రోజు టీవీ ముందు ఆడవాళ్లు ఏమనుకున్నారు? నోటుబుక్కు పట్టుకుని వాడవాడా తిరగాలి. ఊరి బావి కాడ కాసుకున్న తరం ముసలిదైపోతోంది.