నిప్పు దిద్దే రెక్క

తొలకరి రాత్రి తిరువూరు వీధి దీపాల కింద రాలిన ఉసిళ్ల రెక్కను ఎప్పుడైనా పరికించి చూశారా? గాలానికి పురుగు బొమ్మలు కట్టే విదేశీ జాలర్లు అలాంటి రెక్కను కోడి ఈకతో చేస్తారు.

అందుకు పనిముట్టునూ సొంతంగా చేసుకోవచ్చు. సన్నటి ఇత్తడి రేకును మధ్యకు మడిచి, రెండు కొసలనూ కలిపి రెక్క ఆకారంలో ఆకురాయితో అరగదీస్తారు. ఈనె సరిగ్గా నడిమికొచ్చేలా ఈకను అందులో బిగించి, బయటికి మిగిలిన పీచుకు లైటర్ మంట చూపిస్తారు. క్షణంలో కాలిపోతుంది (కంపు భరించాలి మరి). మసి దులిపితే నున్నటి అంచు తేలుతుంది. రెక్కలు రెండూ సమంగా లేకపోతే విసిరినప్పుడు గాలపు దారం మెలిపడుతుంది.

కొన్న పరికరం కంటే చేతి రేకుకే నా ఓటు. మన వాగు పురుగు కొలతకు దాన్ని మనమే దిద్దుకోవచ్చు.