వెన్నుపాము మీద మచ్చ

మెడ ఎమ్మారై రిపోర్టు ఏదైనా తీసి చూడండి. ఏ పూసల మధ్య డిస్కు ఎంత ఉబ్బింది, ఏ నరం ఎంత నొక్కుకుంది అని పేజీ నిండా ఉంటుంది. వెన్నుపాము గురించి మాత్రం చివర్లో ఒక్క ముక్క: నార్మల్. చాలామంది విషయంలో అది నిజమే. కానీ పాతికేళ్ల అమ్మాయి వచ్చి, తల వంచితే వీపు మీదుగా కాళ్లదాకా కరెంటు పాకినట్టుంటోంది సార్ అంటే, నా చూపు ముందు ఆ ఒక్క ముక్క మీదికే పోతుంది. ఆ లక్షణాన్ని లెర్మిట్ అనే ఫ్రెంచి డాక్టరు పేరుతో పిలుస్తాం. మెడ దగ్గర వెన్నుపాము వెనకభాగం దెబ్బతిన్నదన్న సూచన అది. అరిగిన మెడపూసల ఒత్తిడి, బి12 లోపం కూడా కారణం కావచ్చు. మల్టిపుల్ స్క్లెరోసిస్‌ను (ఎం.ఎస్.) మాత్రం ఆ వయసులో మరిచిపోకూడదు.

నరాల మీది మైలిన్ పూతపై సొంత రోగనిరోధక వ్యవస్థే దాడి చేసే జబ్బిది. 1868లో పారిస్‌లో షార్కో అనే డాక్టరు దీన్ని వివరించిన నాటికి, ఆ దాడి మిగిల్చిన మచ్చలు చూడాలంటే చనిపోయినవారి మెదడును కోయాల్సిందే. ఇప్పుడు ఎమ్మారైలో చూస్తున్నాం. ఈ జబ్బును నిర్ధారించే మెక్‌డొనాల్డ్ ప్రమాణాల 2017 సవరణ ప్రకారం మచ్చలు వెతకాల్సిన చోట్లు నాలుగు. మూడు మెదడులో, నాలుగోది వెన్నుపాము. కనీసం రెండు చోట్ల కనబడాలి. 2024 సవరణలో కంటి నరమూ చేరింది.

మెదడులో తెల్ల మచ్చలు బీపీ వల్ల, మైగ్రేన్ వల్ల, వయసు మీద పడటం వల్ల కూడా వస్తాయి. వెన్నుపాములో అలా ఊరికే రావు. అందుకే అక్కడ దొరికిన ఒక్క మచ్చకు అంత విలువ.

అయితే దాన్ని పట్టడం కష్టం. వెన్నుపాము లావు చిటికెన వేలంత. దాని చుట్టూ ద్రవం గుండె కొట్టుకున్నప్పుడల్లా కదులుతుంది. ముందు గొంతు. పేషెంటు గుటక వేస్తే చాలు, లేని మచ్చ ఉన్నట్టు కనిపించవచ్చు. మంచి టెక్నీషియన్ గొంతు సిగ్నల్‌ను అణిచే బ్యాండ్ పెట్టి, స్కాన్ నడుస్తున్నంతసేపూ వీలైనంతవరకు గుటక వేయకమ్మా అని ముందే చెబుతాడు. నిలువు బొమ్మలో టీ2 అనే రకం స్కాన్‌లో అనుమానం వస్తే, స్టిర్ అనే మరో రకంలోనూ ఉందా చూస్తాను. ఆ తర్వాత అడ్డకోత. అక్కడా అదే ఎత్తున, వెనకో పక్కనో అంచుని పట్టుకుని చిన్న తెల్లటి మచ్చ కనబడితే ఇక అది గుటక కాదు. ఎం.ఎస్. మచ్చ సాధారణంగా రెండు పూసల పొడవు దాటదు, అడ్డకోతలో సగం కూడా ఆక్రమించదు.

మూడు పూసలో అంతకుమించో సాగి, మధ్యభాగాన్ని పట్టేసిన మచ్చ కనిపిస్తే మాత్రం న్యూరోమైలైటిస్ ఆప్టికా అనే వేరే జబ్బును తలుచుకోవాలి. ఒకప్పుడు దీన్ని ఎం.ఎస్.లోనే ఒక రకమనుకునేవారు. 2004లో దాని యాంటీబాడీ దొరికాక రెండు దారులూ వేరయ్యాయి. ఈ తేడాను మరీ జాగ్రత్తగా చూడాలి. ఎం.ఎస్.కు ఇచ్చే ఇంటర్‌ఫెరాన్, ఫింగోలిమాడ్, నటాలిజుమాబ్ లాంటి మందులు న్యూరోమైలైటిస్ ఆప్టికాను మరింత ముదరబెట్టగలవు. పొడవును బట్టే తీర్పు చెప్పేయకూడదు, యాంటీబాడీల రక్తపరీక్ష చేయించాల్సిందే. కానీ ఆ పరీక్ష రాయాలన్న ఆలోచన డాక్టరుకు వచ్చేది చాలాసార్లు మా రిపోర్టులోని ఆ కొలత చూశాకే. మచ్చ ఉంది అని రాసి, పొడవు రాయకపోతే సగం పనే చేసినట్టు.

పేషెంట్లకు ఒక మాట. డాక్టరు మెదడుతోపాటు మెడ, వీపు స్కాన్ కూడా రాస్తే అది అదనపు ఖర్చు అనుకోకండి. పాత సీడీలు పారేయకండి. కాంట్రాస్ట్ ఇంజెక్షన్‌తో మెరిసే మచ్చ ఈమధ్యే వచ్చిందని తెలుస్తుంది గానీ, ఆ మెరుపు కొన్ని వారాల్లో పోతుంది. తర్వాత అది కిందటేడాదిదా, మొన్న నెలదా అని తేల్చాలంటే పాత బొమ్మను పక్కన పెట్టి చూడాల్సిందే.