భావనపాటి ఇసుకా, పుస్తకంలోని నమూనా

శిలల అధ్యయనంలో 'ఫేసీస్' అనే మాటను 1838లో స్విట్జర్లాండుకు చెందిన అమాంట్జ్ గ్రెస్లీ వాడుకలోనికి తెచ్చినాడు. లాటిన్ భాషలో ఆ మాటకు ముఖమనీ, రూపమనీ అర్థం. ఒక పొరలోని రేణువుల పరిమాణం, రంగు, పొరల అమరిక, జీవావశేషాలు, వీటిని కలిపి చూచినప్పుడు కనబడే ముఖమే ఫేసీస్. ముఖకవళికలను బట్టి మనిషి ఏ ప్రాంతపువాడో పోల్చుకొనినట్లు, ఆ పొర నదిలో ఏర్పడినదా, సముద్రపుటొడ్డున ఏర్పడినదా అని ఈ లక్షణాలను బట్టి చెప్పవచ్చును. ఇట్టి ఊహలను క్రమపరచి చెప్పేదే ఫేసీస్ నమూనా.

ఈ విషయంపై విద్యార్థులకు ఎక్కువగా ఉపకరించిన గ్రంథం 'ఫేసీస్ మోడల్స్'. కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన రోజర్ వాకర్ దీనికి సంపాదకుడు. 1979లో మొదట వెలువడి, 1984లో, 1992లో, 2010లో కొత్త రూపాలు పొందినది. వాకర్ చెప్పిన పద్ధతి సులభమైనది. ఒకే రకపు పరిసరానికి చెందిన ఉదాహరణలను, నేటివాటినీ ప్రాచీనమైనవాటినీ, ప్రోగుచేయవలెను. ఏదో ఒక్క చోటికే చెందిన వివరాలను బట్టీలో మరిగించినట్లు ఆవిరిచేసి తీసివేయవలెను. చివరకు మిగిలిన సారమే నమూనా. అది పోలికకు ప్రమాణంగాను, మున్ముందు ఏమి గమనించవలెనో చూపే మార్గంగాను, కొత్తచోట ఏముండునో ముందుగా చెప్పే సాధనంగాను, ప్రవాహాల తీరును వివరించే ఆధారంగాను పనికివచ్చునని ఆయన అభిప్రాయం.

లోతు సముద్రపు నిక్షేపాల విషయంలో ఈ పద్ధతి చక్కగా ఫలించినది. బురదతో బరువెక్కిన ప్రవాహం వాలునబడి దిగి, మెల్లగా వేగం తగ్గుతూ వదలిన పొరలకు ఆర్నోల్డ్ బౌమా 1962లో అయిదు అంతస్తుల క్రమం చూపినాడు. అక్కడ కారణం దాదాపు ఒక్కటే. ఏ సముద్రంలోనైనా ప్రవాహం వేగం తగ్గినకొద్దీ ముందు ముతక రేణువులు, తరువాత సన్నవి దిగును. స్థానిక వివరాలను ఆవిరిచేసినా పెద్దగా పోయేదేమీ లేదు.

సముద్రతీరం సంగతి అట్లు కాదు.

శ్రీకాకుళం జిల్లాలోని భావనపాడునే చూడవచ్చును. ఒడ్డున అలలు కడిగే ఇసుక, దాని వెనుక ఇసుకదిబ్బలు, ఇంకా లోపల నౌపడ బురదనేలలు, ఉప్పుమళ్ళు, వాటిలోనికి పోటునీరు చేర్చే ఉప్పుటేరు. జర్మనీకి చెందిన యోహానెస్ వాల్తర్ 1894లో చెప్పిన సూత్రం ప్రకారం, మధ్యలో తెంపు లేనప్పుడు పక్కపక్కన ఏర్పడే ఫేసీసులే కాలక్రమాన ఒకదానిపై ఒకటి చేరును. సముద్రం వెనుకకు తగ్గినచో ఒడ్డు ఇసుక అడుగున, దిబ్బ ఇసుక దానిపైన, బురద అన్నిటికంటె పైన కనబడవలెను. సముద్రం ముందుకు వచ్చినచో క్రమం తలక్రిందులగును. తరగతిలో బోధించుటకు ఇంతకంటె మంచి ఉదాహరణ దొరకుట కష్టం.

వాకర్ గ్రంథంలో ఇట్టి తీరాల అధ్యాయాన్ని రీన్సన్ వ్రాసినాడు. ఆయన ఒక్క నమూనాతో సరిపెట్టక, సముద్రం తగ్గినప్పటిది, ముందుకు వచ్చినప్పటిది, ఉప్పుటేటి ముఖద్వారానిది అని మూడు చూపినాడు. ఈ జాగ్రత్త మెచ్చదగినది. అయితే తగ్గే తీరానికి ఆదర్శంగా నిలిచినది అమెరికాలోని గాల్వెస్టన్ దీవి. అక్కడా ఇక్కడా పోటుపాట్ల ఎత్తు తక్కువే. కాని గాల్వెస్టన్‌కు లేనివి భావనపాటికి కొన్ని కలవు.

అందులో మొదటిది నల్ల ఇసుక. తూర్పు కనుమలలోని ఖోండలైటు, చార్నకైటు శిలలు చివికి, ఇల్మనైటు, గార్నెట్, సిల్లిమనైటు, మోనజైటు రేణువులు ఏళ్ళ ద్వారా ఈ తీరానికి చేరినవి. క్వార్ట్జ్ సాంద్రత 2.65, గార్నెట్ సాంద్రత సుమారు 4, ఇల్మనైటుది దాదాపు 4.7, మోనజైటుది సుమారు 5. ఉధృతమైన అలలు తేలికైన క్వార్ట్జ్‌ను ఈడ్చుకొనిపోగా, బరువైన రేణువులు నల్లని, ఎర్రని చారలుగా మిగులును. అనగా ప్రతి చారా ఒడ్డు కోతపడిన ఒక రోజుకు గుర్తు. బరువైన రేణువు సన్నదైనా పెద్ద క్వార్ట్జ్ రేణువుతో కలిసి నిలువగలదు. కనుక రేణువుల పరిమాణాన్ని మాత్రమే చూచే విద్యార్థి, సన్నని ఇసుక కనబడగానే శాంతమైన నీరని పొరబడును. ఎక్కడివో శిలలనుబట్టి వచ్చిన రంగని బట్టీలో ఆవిరి చేయబోయేది, ఈ తీరంలో అలల బలాన్ని చెప్పే సాక్ష్యమే.

రెండవది ఋతుక్రమం. నైరుతి పవనాల కాలంలో ఇసుక ఒడ్డు వెంట ఉత్తరానికి నడచును. ఈశాన్య పవనాలలో కొంతకాలం దక్షిణానికి మరలును. మొత్తం మీద ఉత్తరపు నడకదే పైచేయి. వేసవిలో లోపలి బురదనేలలు ఉప్పుతేరును, వానలకు ఆ ఉప్పు కరిగిపోవును. అందుచేత పొరలో ఉప్పు కనబడనంత మాత్రాన అక్కడ ఎన్నడూ ఎండ కాయలేదనుట తొందరపాటు. ఏది జరిగినదో దానికంటె ఏది నిలిచినదో తక్కువ.

ఇందులో దోషం గ్రంథానిది కొంతే. పోలికకు ప్రమాణమని వాకర్ మొదటనే చెప్పినాడు. తేడా కనబడినచోట ఆగి ప్రశ్నించుటకే ప్రమాణం. అయినను అందలి నిలువు పటాలు ఎంత చక్కగా ఉన్నవంటే, అవి పరీక్షలో గీయవలసిన జవాబులుగా మారినవి. ఒక పొర పటంతో కలియకపోతే పొరనే అనుమానించే అలవాటు పాఠశాలనుండే ప్రారంభమగుచున్నది.

పటం తప్పినచో నష్టం మార్కులతో ఆగదు. ఇసుకదిబ్బలు వాననీటిని నిలుపుకొనును. బురదలోని నీరు ఉప్పన. భూమిలోపల ఇసుక ఎంతవరకు సాగినదో సరిగా ఊహించినవాని బావిలోనే తియ్యని నీరు పడును.

భావనపాటి చేరువన మూలపేట వద్ద 2023లో ఓడరేవుకు శంకుస్థాపన జరిగినది. ఉత్తరానికి నడచే ఇసుకకు అలలను ఆపే గోడ అడ్డుపడినచో, దక్షిణాన ఇసుక పేరుకొనును, ఉత్తరాన ఒడ్డు కోతపడును. విశాఖపట్నంలో ఔటర్ హార్బరు కట్టిన తరువాత ఇసుకను తోడి బీచికి చేర్చవలసి వచ్చినది ఇందుకే. రేవుకు రెండువైపులా దూరంగా, ప్రజలు తిరిగే ఒడ్డున, మోకాలిలోతు గుంటలు రెండు తవ్వి, నల్లచారల మందాన్ని ఏటా వానలకు ముందొకసారి, తరువాత ఒకసారి కొలిచి గీసిపెట్టుట ఉన్నత పాఠశాల విద్యార్థులకు అసాధ్యం కాదు. వానల తరువాతి పటంలో చారలు ఎక్కువగునో తగ్గునో, దక్షిణపు గుంటకూ ఉత్తరపు గుంటకూ ఎంత తేడా వచ్చునో, గాల్వెస్టన్ పటం చూచి చెప్పజాలరు.