‘ది స్పిరిట్ ఆఫ్ ’45’: బ్రిటన్ ప్రజావైద్యం – ఒక డాక్యుమెంటరీ దాటవేసిన చరిత్ర

కెన్ లోచ్ దర్శకత్వం వహించిన ‘ది స్పిరిట్ ఆఫ్ ’45’ డాక్యుమెంటరీ 2013 మార్చిలో బ్రిటన్‌లో విడుదలైంది. కొద్దిరోజులకే, ఏప్రిల్ 1న, 2012 నాటి ఆరోగ్య, సామాజిక సంరక్షణ చట్టంలోని ప్రధాన నిబంధనలు ఇంగ్లండ్‌లో అమలులోకి వచ్చాయి. ఎన్.హెచ్.ఎస్. అని వ్యవహరించే జాతీయ ఆరోగ్య సేవలో ప్రైవేటు సంస్థల పోటీకి ఆ చట్టం తలుపులు మరింత బార్లా తెరిచింది. ఆ సమయంలో వచ్చిన ఈ చిత్రాన్ని కేవలం గతస్మృతిగా చూడటం కుదరదు. ప్రజల ఆస్తిగా నిర్మించుకున్నది ఎలా చేజారిందో చెప్పడం దాని ఉద్దేశం. కాబట్టి ఆ ‘ఎలా’ అన్న ప్రశ్నకు చిత్రం ఇచ్చిన సమాధానాన్నే ప్రధానంగా పరిశీలించవలసి ఉంటుంది.

చిత్రం తొలి భాగం బలమైనది. 1930ల నాటి నిరుద్యోగం, మురికివాడల జీవితం, వైద్యుడికి రుసుము చెల్లించలేని నిస్సహాయత అన్నీ వృద్ధుల నోటనే వినిపిస్తాయి. గని కార్మికులు, నర్సులు, వైద్యులు తమ అనుభవాలను చెబుతుంటే పాత వార్తాచిత్రాల దృశ్యాలు వాటికి తోడవుతాయి. నేటి ముఖాలనూ నలుపు తెలుపుల్లోనే చిత్రించడం వల్ల అప్పటికీ ఇప్పటికీ మధ్య ఉన్న గీత చెరిగిపోతుంది. 1945 జూలై ఫలితాల్లో లేబర్ పార్టీకి 393 స్థానాలు రావడం, బొగ్గు గనులు, రైల్వేలు జాతీయం కావడం, 1948 జూలై 5న ఆరోగ్య సేవ ప్రారంభం కావడం ఒక ఉత్సవంలా సాగిపోతాయి. ఆరోగ్య మంత్రి అన్యూరిన్ బెవాన్ వేల్స్‌లోని ట్రెడీగర్‌లో పుట్టిన గని కార్మికుడు. ఆ ఊరి కార్మికులు జీతాల్లోంచి కొంత కొంత చెల్లించి నడుపుకున్న వైద్య సహాయ సంఘమే ఆయనకు నమూనా అయింది. ప్రజావైద్యం అధికారుల బల్ల మీద పుట్టిన పథకం కాదని, కార్మికుల జీవితంలోంచి వచ్చిందని ఈ భాగం నమ్మకంగా చెబుతుంది. ఇంత సాధికారమైన మౌఖిక చరిత్ర రాజకీయ డాక్యుమెంటరీల్లో తరచుగా కనబడదు.

ఆ తరువాతే చిక్కు వస్తుంది. 1950ల ఆరంభం దాకా నింపాదిగా నడిచిన కథనం ఒక్క అంగలో 1979కి, మార్గరెట్ థాచర్ గెలుపుకు చేరుకుంటుంది. మధ్యలోని మూడు దశాబ్దాలు దాదాపు కనుమరుగు. దీన్ని నిడివి కోసం చేసిన కుదింపు అని సరిపెట్టుకోలేం. ఈ దాటవేతతో 1945 నిర్మలమైన ఆరంభంగా, 1979 బయటినుంచి వచ్చిపడిన విపత్తుగా స్థిరపడిపోతాయి.

వదిలివేసిన కాలంలో ఏముందో చూస్తే ఈ విభజన నిలవదు. అసలు 1948లోనే రాజీ ఉంది. వైద్యుల వ్యతిరేకతను తగ్గించడానికి బెవాన్ నిపుణ వైద్యులకు ప్రైవేటు ప్రాక్టీసును, ప్రభుత్వ ఆసుపత్రుల్లోనే డబ్బు చెల్లించే రోగుల పడకలను అనుమతించారు. కుటుంబ వైద్యులు ప్రభుత్వోద్యోగులు కాలేదు, ఒప్పందదారులుగానే ఉండిపోయారు. 1951 ఏప్రిల్‌లో ఆర్థిక మంత్రి హ్యూ గెయిట్‌స్కెల్, కొరియా యుద్ధకాలపు ఆయుధ వ్యయం కోసం, కట్టుడుపళ్లకూ కళ్లద్దాలకూ రుసుము ప్రతిపాదించారు. బెవాన్, హెరాల్డ్ విల్సన్ రాజీనామా చేశారు. ఉచిత వైద్యానికి తొలి గండి కొట్టింది దాన్ని స్థాపించిన పార్టీయే. మందుల చీటీ మీద ఒక షిల్లింగు రుసుము 1952లో, కన్సర్వేటివ్ ప్రభుత్వం కింద వచ్చింది. 1976లో మళ్లీ లేబర్ ప్రభుత్వమే అంతర్జాతీయ ద్రవ్యనిధి నుంచి 390 కోట్ల డాలర్ల రుణానికి ఒప్పుకొని, ప్రజావ్యయాన్ని కోసింది. థాచర్ ఆర్థిక విధానానికి నేల సిద్ధమైనది ఈ మూడేళ్లలోనే. ఈ ఘట్టాలను చూపి ఉంటే ప్రేక్షకుడికి ఒక దుష్టపాత్ర కాకుండా ఒక ప్రక్రియ అర్థమయ్యేది.

ఆ ప్రక్రియను పట్టుకోవడంలో మాట కూడా అడ్డు పడుతుంది. ‘ప్రైవేటీకరణ’ అనగానే తెలుగు పాఠకుడికి విశాఖ ఉక్కు వంటి సంస్థలో వాటాల విక్రయం స్ఫురిస్తుంది. బ్రిటన్‌లోనూ 1984లో టెలికాం, 1986లో గ్యాస్ సంస్థల విషయంలో జరిగింది అదే. ఎన్.హెచ్.ఎస్. వాటాలు ఏనాడూ మార్కెట్లో అమ్మకానికి రాలేదు. 1983లో ఆసుపత్రుల శుభ్రత, బట్టల ఉతుకుడు, వంట పనులకు టెండర్లు తప్పనిసరి అయ్యాయి. 1991లో ‘అంతర్గత మార్కెట్’ వచ్చి, ఒకే ప్రభుత్వ వ్యవస్థలోని విభాగాలను కొనేవారుగా, అమ్మేవారుగా విడదీసింది. ప్రతి దశకూ ‘సంస్కరణ’, ‘ఎంపిక’, ‘సామర్థ్యం’ వంటి కొత్త పేరు దొరికింది. ఆసుపత్రి చికిత్సకు రోగి చెల్లించేది ఏమీ లేదు, ఆసుపత్రి ముందు బోర్డు మారలేదు. అమ్మకమే లేనిచోట అమ్మేశారన్న నినాదం ఎలా నిరూపణ అవుతుంది? చిత్రంలోని చివరి సాక్ష్యాల్లో ఆవేదన ఉంది, కాని ఈ యంత్రాంగం విడమరిచి కనిపించదు.

ఇక్కడే టోనీ బ్లెయిర్ కాలానికి చిత్రంలో దక్కిన స్వల్పస్థానం పెద్ద లోపమవుతుంది. ప్రైవేటు పెట్టుబడితో ప్రజాభవనాలు కట్టించే పి.ఎఫ్.ఐ. విధానాన్ని 1992లో ప్రకటించినది కన్సర్వేటివ్ ప్రభుత్వం. 1997 మే నెలలో గెలిచిన లేబర్ ప్రభుత్వం, జూలైలోనే ఆసుపత్రి ట్రస్టులు అటువంటి ఒప్పందాలు చేసుకునేందుకు ప్రత్యేక చట్టం చేసింది. కిటుకు జమాఖర్చుల్లో ఉంది. ప్రైవేటు కంపెనీ అప్పు తెచ్చి కడుతుంది, ఆసుపత్రి పాతిక ముప్పై ఏళ్లు వార్షిక చెల్లింపులు చేస్తుంది. అప్పు ప్రభుత్వ రుణంగా పుస్తకాల్లోకి ఎక్కదు. ప్రభుత్వం నేరుగా తెచ్చే అప్పుకన్నా దీని వడ్డీ ఎక్కువ. అన్ని రంగాల్లోనూ కలిపి 700కు పైగా ఉన్న ఈ ఒప్పందాల మూలధన విలువ సుమారు 6,000 కోట్ల పౌండ్లని, నిర్వహణ సేవలతో సహా ఇంకా చెల్లించవలసినది 19,900 కోట్ల పౌండ్లని జాతీయ ఆడిట్ కార్యాలయం 2018లో లెక్కగట్టింది. ఈ అంకెలు చిత్రం తరువాతివి. విధానం మాత్రం అప్పటికి ఇరవయ్యేళ్లది.

చిత్రంలో కనిపించే వైద్యుల్లో జూలియన్ ట్యూడర్ హార్ట్ ఒకరు. వైద్యం ఎవరికి ఎక్కువ అవసరమో వారికే తక్కువగా అందుతుందని, మార్కెట్ ప్రభావం పెరిగేకొద్దీ ఆ వ్యత్యాసం ముదురుతుందని ఆయన 1971లో ‘లాన్సెట్’ పత్రికలో సూత్రీకరించారు. వేల్స్ గనుల లోయలో పనిచేస్తూ చేసిన ఆ పరిశీలన చిత్రానికి సిద్ధాంతపు వెన్నెముక కాగలిగేది. ఆయన్ను ఎక్కువగా జ్ఞాపకాలు చెప్పే పెద్దమనిషిగానే వాడుకున్నారు. అటువంటి లోయల్లోనే, స్థానిక వైద్యులు రావడానికి ఇష్టపడని చోట్ల, భారత ఉపఖండపు వైద్యులు దశాబ్దాలపాటు ప్రజావైద్యాన్ని నిలబెట్టారు. విశాఖ, గుంటూరు, హైదరాబాద్ కళాశాలల్లో చదివి వెళ్లిన తెలుగు వైద్యులూ బ్రిటన్ ఆసుపత్రుల్లో పనిచేశారు. కరీబియన్ వలసదారులతో ‘ఎంపైర్ విండ్‌రష్’ నౌక టిల్బరీ రేవుకు చేరింది ఆరోగ్య సేవ మొదలవడానికి రెండు వారాల ముందే. ఈ శ్రామికులకు లోచ్ ‘ప్రజల’లో తగిన చోటు లేదు. చిత్రం ‘బ్రిటన్’ అని ఒకటిగా మాట్లాడుతుంది గాని, అధికార వికేంద్రీకరణ తరువాత స్కాట్లాండ్, వేల్స్ అంతర్గత మార్కెట్‌ను తొలగించుకుని వేరే దారి పట్టాయి. 2012 చట్టపు పోటీ నిబంధనలు ప్రధానంగా ఇంగ్లండ్‌కే వర్తించాయి.

చిత్రం విడుదలకు ముందు నెలల్లోనే దాని ప్రశ్నకు సమాధానం లండన్‌లో కళ్లెదుట ఉంది. పి.ఎఫ్.ఐ. చెల్లింపుల భారం కూడా తోడై కుదేలైన దక్షిణ లండన్ ఆసుపత్రి ట్రస్టును 2012 జూలైలో ప్రత్యేక పరిపాలకుడి చేతికి అప్పగించారు. ఆయన సూచించిన పరిష్కారం విచిత్రమైనది. ఆర్థికంగా సవ్యంగా నడుస్తున్న పొరుగు ట్రస్టులోని లూయిషామ్ ఆసుపత్రిలో అత్యవసర, ప్రసూతి సేవలను కుదించాలన్నది ఆ సూచన. 2013 జనవరిలో వేలాదిమంది వీధుల్లోకి వచ్చారు, ఐనా మంత్రి జెరెమీ హంట్ కొద్ది మార్పులతో ఆ ప్రతిపాదనను ఆమోదించారు. ఉద్యమకారులూ స్థానిక కౌన్సిలూ కోర్టుకు వెళ్లి, ఆ అధికారం ఒక ట్రస్టుకు మాత్రమే పరిమితమని, పొరుగు ఆసుపత్రికి వర్తించదని చట్టంలోని మాటలు పట్టుకుని వాదించారు. జూలైలో హైకోర్టు, అక్టోబరులో అప్పీలు కోర్టు వారి పక్షాన తీర్పునిచ్చాయి. మరుసటి ఏడాది పార్లమెంటు సంరక్షణ చట్టం ద్వారా పరిపాలకుడి అధికారాన్ని పొరుగు ఆసుపత్రులకు కూడా విస్తరించింది.