ఇమామ్ గజాలీ సంశయం: వస్తువుల ఉనికిపైనా, మన తెలివిపైనా?

మనస్సుతో నిమిత్తం లేకుండా వస్తుజగత్తుకు ఉనికి ఉన్నదా అనే చర్చ వచ్చినప్పుడల్లా ఇమామ్ గజాలీ (రహ్మలై) రచన "అల్ మున్‌ఖిజ్ మినజ్జలాల్" ప్రస్తావనకు వస్తుంది. అందలి సంశయ ప్రకరణాన్ని డెకార్ట్ 1641లో ప్రకటించిన ధ్యానాలతో పోల్చి, ఇమామ్ గారు బాహ్యజగత్తు ఉనికినే శంకించారని తీర్మానించేవారు కొందరున్నారు. ఈ తీర్మానం ఎంతవరకు సమంజసమో పరిశీలిద్దాం.

ఇమామ్ గారి వాదక్రమం ఇది. నీడను చూస్తే కదలక నిలిచినట్లుంటుంది. కొంతసేపటికి అది జరిగిందని తెలుస్తుంది. నక్షత్రం కంటికి దీనారంత కనిపిస్తుంది. అది భూమికంటే పెద్దదని గణితం నిరూపిస్తుంది. ఇంద్రియాల తీర్పును బుద్ధి కొట్టివేసినట్లే, బుద్ధి తీర్పును కొట్టివేసే మరొక న్యాయమూర్తి దానికి పైన ఉండవచ్చును గదా! కలలో నిజమనుకున్నది మేల్కొనగానే అబద్ధమైనట్లు, ఈ మెలకువ కూడ మరొక మెలకువ ముందు కల కావచ్చును గదా! ఈ వ్యాధి సుమారు రెండు నెలలు ఆయనను బాధించింది. నయం చేసింది తర్కం కాదు, అల్లాహ్ తన హృదయంలో వేసిన జ్యోతి అని ఆయనే వ్రాశారు.

ఈ ఉదాహరణలను నిదానంగా చూడండి. నీడ విషయంలో కన్ను పొరబడినదని చెప్పాలంటే నీడ నిజంగా కదలి ఉండాలి. నక్షత్రం విషయంలో పొరబడినదని చెప్పాలంటే, మన చూపుతో సంబంధం లేని పరిమాణం నక్షత్రానికి ఉండాలి. వస్తువు మన భావన మాత్రమే అయితే పొరపాటుకు తావెక్కడ? స్వప్నవాదం ఇంతకంటే బలమైనది. కాని అది కూడ మరింత సత్యమైన మెలకువను ఊహిస్తుందే తప్ప, సత్యమే లేదని అనదు. కనుక ఇమామ్ గారిని పీడించిన ప్రశ్న "వస్తువు ఉన్నదా?" అనేది కాదు, "దానిని తెలుసుకొనే అర్హత నాకున్నదా?" అనేది.

ఆయనే తన స్థితిని "సఫ్సతా" అన్నారు గదా అని ఆక్షేపించవచ్చును. నిజమే. అయితే మన విద్వాంసులు సఫ్సతాను ఒకే ముద్దగా చూడలేదు. నసఫీ (మరణం క్రీ.శ. 1142) రచించిన అఖాయిద్ గ్రంథానికి తఫ్తాజానీ వ్రాసిన వ్యాఖ్య మన మదరసాలలో తరతరాలుగా బోధింపబడుతున్నది. అందులో మూడు వర్గాలు కనిపిస్తాయి. వస్తుసత్యమే లేదనేవారు ఇనాదియ్యా. ఎవరి నమ్మకాన్ని బట్టి వారికి సత్యమనేవారు ఇందియ్యా. ఏమీ తెలియదనేవారు లా అద్రియ్యా. ఇమామ్ గారి రెండు నెలల స్థితి మూడవ దానికి చేరువ, మొదటిదానికి కాదు.

నసఫీ తన గ్రంథారంభంలోనే వస్తుసత్యాలు స్థిరమైనవని, వాటి జ్ఞానం సాధ్యమని రెండు మాటలు వేరువేరుగా చెప్పడం గమనార్హం. జ్ఞానసాధనాలలో ఇంద్రియాలు, బుద్ధితోపాటు సత్యవార్తను కూడ చేర్చారు. మక్కా చూడనివారికి మక్కా ఉన్నదనే నిశ్చయం కలిగించేది ఇదే. ఇమామ్ గారి సంశయ ప్రకరణంలో దీనికి చోటు లేదు. అంధానుకరణపై విసుగుతో వినికిడిని పక్కన పెట్టి, తన కంటిని, తన బుద్ధిని మాత్రమే విచారణకు నిలబెట్టారు. నిజాయితీగల విచారణే, కాని ఒంటరి విచారణ. ఆ ప్రకరణంలోని లోటు ఇదేనని మా అభిప్రాయం.

ఉనికికి, తెలివికి గల ఈ భేదాన్ని సామాన్య ముస్లిం కూడ ఆచరణలో ఎరుగును. షాబాన్ ఇరవై తొమ్మిదవ సాయంత్రం మబ్బు కమ్మితే ముప్పై దినాలు పూర్తి చేస్తాము. మనకు కనబడలేదు గనుక ఆకాశంలో నెలవంక లేదని ఎవరూ అనరు. మన బాధ్యత మన తెలివిని బట్టి; నెలవంక ఉనికి మన తెలివిని బట్టి కాదు. అది సృష్టికర్త సంకల్పంపై ఆధారపడినది, మన చూపుపై కాదు.

నేడు "నీ సత్యం నీది, నా సత్యం నాది" అనే మాట ఔదార్యంగా చలామణి అవుతున్నది. ఇది పాత ఇందియ్యా మాటే. అదే నిజమైతే తీసుకున్న అప్పు మరచినవానికి అప్పు లేనట్లే. సాక్షికీ అబద్ధసాక్షికీ తేడా లేనట్లే. ఇమామ్ గజాలీని ఈ వాదానికి పూర్వీకునిగా నిలపడం న్యాయం కాదు. ఆయన తన తెలివిని శంకించారు; సత్యాన్ని శంకించలేదు. తన తెలివిని శంకించినవాడు వినయం నేర్చుకుంటాడు. సత్యాన్నే కాదన్నవానికి ఇక నేర్చుకొనవలసినదే మిగలదు.