24 గంటల లెక్క

ధర్మవరం నేత ఇళ్లలో మగ్గం ఇంట్లోనే ఉంటుంది. గుంటలో కాళ్లు పెట్టి తండ్రి నేస్తుంటే పక్కన కూతురు కండెలు చుడుతుంది. సర్వే మనిషి వచ్చి “పాప పనికి పోతుందా?” అంటే, “లేదు సార్, ఇస్కూలుకు పోతాంది” అంటారు. అందులో అబద్ధం లేదు. ఇంటి మగ్గం దగ్గర చేసేదాన్ని పని అని ఎవరనుకుంటారు? హిందూపురం పల్లెల్లో పట్టుపురుగులకు మల్బరీ ఆకు వేసే పిల్లాడి గురించీ, పెనుకొండ వైపు వేరుశనగ కాయలు వలిచే పిల్ల గురించీ అడిగినా ఇదే జవాబు.

ఈ జవాబును దాటి చూసిన పనితనం ‘యంగ్ లైవ్స్’ అధ్యయనానిది. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం ఆధ్వర్యంలో ఇథియోపియా, పెరు, వియత్నాంలతో పాటు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనూ ఇది 2002లో మొదలైంది. ఇక్కడ 3,000 మంది పిల్లలను ఎంచుకున్నారు. అప్పటికి 2,000 మంది ఏడాది ప్రాయం వాళ్లు, 1,000 మంది ఎనిమిదేళ్ల వాళ్లు. ఎంచుకున్న జిల్లాల్లో మన ఉమ్మడి అనంతపురం ఒకటి. కొన్నేళ్లకోసారి మళ్లీ ఆ పిల్లల దగ్గరికే వెళ్లారు.

వాళ్ల ప్రశ్నల్లో నాకు బాగా నచ్చినది రోజు లెక్క. మామూలు రోజున ఎన్ని గంటలు దేనికి పోతున్నాయో ఎనిమిది పద్దుల్లో రాసుకుంటారు: నిద్ర, ఇంట్లోవాళ్లను చూసుకోవడం, ఇంటిపని, సొంత పొలం లేదా వ్యాపారంలో పని, కూలి, బడి, బడి బయట చదువు, ఆట. అన్నీ కలిపితే 24 రావాలి. కండెలు చుట్టిన రెండు గంటలు ఏదో ఒక గడిలోకి రాక తప్పదు. బడి అయ్యాక కుటుంబ పనిలో సాయపడవచ్చని 2016 నాటి బాలకార్మిక చట్ట సవరణ అనుమతించింది. ఆ సాయం ఎక్కడ బరువవుతోందో గంటలు లెక్కపెడితేనే తేలుతుంది.

ఆ పిల్లల దగ్గరికే మళ్లీ మళ్లీ వెళ్లిన ఈ ఓపిక ఏం తేల్చగలదో ఆ ఏళ్లలో వచ్చిన కరువు చూపించింది. 2001లో సుప్రీంకోర్టు ఆదేశించాక, 2003 జనవరిలో మన బడుల్లో వండిన మధ్యాహ్న భోజనం మొదలైంది. పరిశోధకులు అభిజీత్ సింగ్, ఆల్బర్ట్ పార్క్, స్టీఫన్ డెర్కాన్ యంగ్ లైవ్స్ పిల్లల ఎత్తు, బరువుల లెక్కలు తీసి చూశారు. ముందుగా బడిలో చేరి ఆ అన్నం తిన్న పిల్లల ఇళ్లే వేరేమో అన్న అనుమానాన్ని వదిలేయకుండా, దానికి తగ్గట్టు లెక్క సరిచేశారు. కరువు దెబ్బ తిన్న ఇళ్ల పిల్లలకు బడి అన్నం పెద్ద ఆసరా అయిందని 2014లో ప్రచురించారు. ఆ అన్నం దండగ ఖర్చు కాదని చెప్పడానికి ఇంతకన్నా గట్టి సాక్ష్యం ఏం కావాలి?

పిల్లల హక్కుల కోసం అధికారుల ముందు నిలబడేవాళ్ల చేతిలో ఆవేశంతో పాటు ఇలాంటి కాగితం ఉండాలి. ధర్మవరం, హిందూపురం, పెనుకొండ వైపు ఎవరైనా బడిపిల్లల లెక్క తీయబోతే, “పనికి పోతుందా?” దగ్గరే ఆగొద్దు. గడపలోనే కూర్చుని, పాపనే అడగండి: “తల్లీ, పొద్దున లేచింది మొదలు చెప్పు.”