బండి వేలం తర్వాత మిగిలే బాకీ: 'యజమాని' వాదంపై విమర్శ

1. సమస్య

వాయిదాలు తప్పాయి. ఫైనాన్స్ కంపెనీ కారును పట్టుకెళ్లి వేలంలో అమ్మింది. దాంతో అప్పు తీరిపోయిందని చాలామంది అనుకుంటారు. కొన్ని నెలల తర్వాత, ఇంకా బాకీ ఉన్నారంటూ నోటీసు వస్తుంది. ప్రొద్దుటూరులో అద్దె కారు నడుపుకొనేవారికి, జమ్మలమడుగు నుంచి గండికోటకు యాత్రికులను తిప్పేవారికి, పులివెందులలో అరటి, చీనీ పంటల రాబడిని నమ్ముకొని బండి కొన్న రైతుకు ఈ పరిస్థితి ఎదురుకావచ్చు. వారి రాబడి సీజన్‌ను బట్టి వస్తుంది. వాయిదా మాత్రం నెలనెలా కట్టాలి. అమ్మకం తర్వాత అడిగే ఆ బాకీ ఎంతవరకు న్యాయమో ఈ పాఠంలో పరిశీలిద్దాం.

2. తీర్పులు చెప్పినది

రౌడీలను పెట్టి బండ్లు లాక్కోరాదని, చట్టబద్ధంగానే స్వాధీనం చేసుకోవాలని 2007లో ఐసీఐసీఐ బ్యాంకు కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. 2011లో సిటీకార్ప్ మారుతి ఫైనాన్స్ కేసులోనూ ఇదే వైఖరి తీసుకుంది. 2020 అక్టోబరు 1న వెలువడిన మాగ్మా ఫిన్‌కార్ప్ తీర్పు మరో కోణం చూపింది. అద్దె-కొనుగోలు ఒప్పందంలో వాయిదాలన్నీ తీరేవరకు ఫైనాన్స్ కంపెనీయే యజమాని అనీ, ముందస్తు నోటీసు అవసరమా కాదా అన్నది ఒప్పందంలోని షరతులను బట్టి తేలుతుందనీ పేర్కొంది. ఆ కేసులో సరైన నోటీసు ఇవ్వనందుకు స్వల్ప పరిహారం మాత్రమే దక్కింది.

3. విమర్శ

ఈ వాదంలో ఒక చిక్కు ఉంది. కంపెనీయే యజమాని అయితే అది తన సొంత వస్తువును అమ్ముకున్నట్టే. అప్పుడు తక్కువ ధర వల్ల కలిగిన నష్టాన్ని అప్పు తీసుకున్నవారిపై ఎందుకు వేయాలి? అలా కాక, అప్పు రాబట్టడానికి అమ్మిందంటే, ఆ అమ్మకం అప్పు తీసుకున్నవారి ఖాతాలో జరిగినట్టు. అలాంటప్పుడు ముందుగా తెలపడం, మంచి ధర రాబట్టడం, లెక్క చూపడం కంపెనీ బాధ్యతలు. అమ్మేటప్పుడు యజమానిగా, బాకీ అడిగేటప్పుడు అప్పిచ్చినవారిగా రెండు స్థానాల లాభమూ పొందడం సమంజసం కాదు.

పైగా ఆర్‌సీలో 'హైపోథికేషన్' అని ఉంటే మాగ్మా తర్కం నేరుగా వర్తించదు. అక్కడ కంపెనీకి ఉన్నది తాకట్టు హక్కు మాత్రమే. 1988 మోటారు వాహనాల చట్టం సెక్షన్ 2(30) కూడా ఇలాంటి ఒప్పందం కింద బండి ఎవరి స్వాధీనంలో ఉంటే వారినే యజమానిగా నిర్వచిస్తోంది. 1872 కాంట్రాక్టు చట్టం సెక్షన్ 176 ప్రకారం కుదువ సొత్తును తగిన నోటీసు ఇచ్చాకే అమ్మాలి. వచ్చిన సొమ్ము చాలకపోతే మిగతాది బాకీదారు కట్టాలి, ఎక్కువైతే మిగులు అతనికి ఇచ్చేయాలి. పట్టుకొచ్చిన బండికీ ఈ సూత్రమే సరిపోతుందన్నది నా అభిప్రాయం.

మన పార్లమెంటు 1972లో అద్దె-కొనుగోలు చట్టం చేసింది. ధరలో నిర్ణీత భాగం కట్టాక కోర్టు ద్వారా తప్ప బండి తీసుకోరాదన్న రక్షణ అందులో ఉంది. ఆ చట్టం అమలులోకి రానేలేదు. బ్రిటన్‌లో 1974 చట్టం మూడో వంతు కట్టినవారికి ఇలాంటి రక్షణే ఇస్తోంది. అమెరికా వాణిజ్య నియమావళి అమ్మకంలోని ప్రతి అంశమూ వాణిజ్యపరంగా సమంజసంగా ఉండాలంటుంది. మన దగ్గర లోపించింది ఇలాంటి స్పష్టతే.

4. ఒక ఊహాత్మక లెక్క

బాకీ 4,20,000 రూపాయలు, పట్టుకెళ్లిన ఖర్చు, యార్డు అద్దె కలిపి 27,000 అనుకుందాం. కారు 2,60,000కు అమ్మితే మిగిలే బాకీ 1,87,000. సరైన ధర 3,70,000 వచ్చి ఉంటే అది 77,000 మాత్రమే. మధ్యనున్న 1,10,000 అప్పు తీసుకున్నవారి తప్పు వల్ల పెరిగింది కాదు. ఇంకా గడవని నెలల వడ్డీని కూడా బాకీలో కలిపారేమో చూడండి.

అప్పిచ్చినవారి హక్కును కాదనలేం. వసూలు కాని అప్పుల భారం చివరికి కొత్తగా అప్పు తీసుకునేవారి మీదే పడుతుంది. అయితే వారు అడిగే మొత్తాన్ని రుజువు చేయాల్సినదీ వారే.

5. మీరు అడగవలసినవి

స్వాధీనానికి ముందు నోటీసు గడువు, అమ్మే ముందు చివరి అవకాశం, వేలం పద్ధతి ఒప్పందంలోనే ఉండాలని రిజర్వు బ్యాంకు నిబంధనలు చెబుతున్నాయి. కాబట్టి ఒప్పందం నకలు, నోటీసు, విలువ అంచనా, వచ్చిన బిడ్లు, ఖర్చుల వివరం లిఖితపూర్వకంగా అడగండి. సేవాలోపం ఉంటే, 2019 వినియోగదారుల చట్టం ప్రకారం ఫిర్యాదుదారు నివసించే జిల్లాలోనే, అంటే మీరు కడప జిల్లాలో ఉంటే కడపలోని కమిషన్‌లోనే, రెండేళ్లలోపు ఫిర్యాదు చేయవచ్చు. స్వయం ఉపాధి కోసం కారు కొన్నవారూ వినియోగదారులే.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. అద్దె-కొనుగోలుకూ హైపోథికేషన్‌కూ యాజమాన్యం విషయంలో తేడా ఏమిటి?
2. 'కంపెనీయే యజమాని అయితే మిగిలిన బాకీ అడగరాదు' అన్న వాదాన్ని సమర్థిస్తూ గానీ, ఖండిస్తూ గానీ పది వాక్యాల్లో రాయండి.